‘కదిలాడు’ అని రాసిన చోటు

ఇప్పటిదాకా నన్ను ఎవరూ పట్టించుకోలేదు. ఈ మాట మొదటే రాసి పెడుతున్నాను. పట్నంలోని ఆ పెద్ద దవాఖానకు నేను ఐదు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి అచ్చువేసిన కార్డు ఒకటి వచ్చింది, మీ ఉత్తరం అందినది అని. నా పేరు ఉండాల్సిన చోట ‘రోగి బంధువు’ అని రాసి ఉంది. రోగిని నేనే. నా తల గురించి నేనే రాసుకుంటే నన్ను నాకే బంధువును చేశారు. ఇంకొకదానికి వచ్చింది జవాబు కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను. మిగతా మూడింటికి అదీ లేదు. ఉత్తరాలు చదివేవాళ్ళు అక్కడ లేరని తేలింది కాబట్టి ఇలా అచ్చులో రాస్తున్నాను.

మాది ఆలేరుకు కోసెడు దూరంలో ఉన్న ఊరు. మా వాడకట్టులో ఇంటింటికీ మగ్గం ఉండేది. మా బాపు చిటికి పని చేసేవాడు. అంటే బట్ట నేశాక దాని మీద పువ్వులు అచ్చు వేయడం కాదు. నేయకముందే దారానికి లెక్క ప్రకారం ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని విప్పి కొన్ని కట్టి మళ్ళీ ముంచుతారు. అప్పుడు ఆ దారాన్ని చూస్తే ఏమీ తెలియదు. మరకలు మరకలుగా ఉంటుంది. మగ్గం మీద పడుగు నిలువునా సాగి ఉండి, అడ్డంగా పేక ఒక్కొక్కటే పడుతూ ఉంటే, అప్పుడు చిలుకో ఏనుగో నీళ్ళ అడుగునుంచి పైకి వచ్చినట్టు మెల్లగా తేలి వస్తుంది. ఒక్క పేక జరిగితే చిలుక మెడ విరుగుతుంది. అందుకే మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడి మనసు పేక మీదనే ఉండాలని బాపు అనేవాడు.

నా మనసు పేక మీదనే ఉండేది. నేనే ఉండేవాణ్ణి కాదు.

అది ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. పేకదారం మోసే నాడె ఈ చేతిలోంచి ఆ చేతికి పోతూ ఉంటుంది. కిటికీలోంచి పడిన ఎండ పడుగు మీద తెల్లగా పరుచుకొని ఉంటుంది. గోడవార అమ్మ కూర్చొని, మేకుల చుట్టూ దారం తిప్పే ఆసు ముందర పెట్టుకొని, చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి చప్పుడంతా ఆగిపోతుంది. మగ్గం చప్పుడు, వీధిలో మేకల చప్పుడు, అమ్మ గాజుల చప్పుడు. ఎండ ఒక్కటే మిగులుతుంది. ఆ ఎండలో నేను బరువు లేకుండా ఉంటాను, భయం ఉండదు, ఆకలి ఉండదు, నేను ఫలానా అన్న ధ్యాస కూడా ఉండదు. పది లెక్కపెట్టేంత సేపు. తర్వాత చప్పుడు మళ్ళీ వస్తుంది. అప్పటికి అమ్మ చెయ్యి ఇంకో మేకు దగ్గర ఉంటుంది. నడుమ ఉన్న ముక్కను ఎవరో కత్తిరించి తీసేసి, రెండు కొసలూ కలిపి అతికించినట్టు ఉండేది. అతుకు మాత్రం నాకు తెలిసేది.

ఆ పది అంకెల్లో నా చేతులు ఒక్కోసారి ఆగేవి, ఒక్కోసారి నేను లేకుండానే నాలుగైదు పేకలు వేసేవి. అట్లా ఒకసారి రుమాలు మీద ఏనుగుకు రెండు వీపులు వచ్చాయి.

“నువ్వేడ వోయినవ్‌రా?” అన్నాడు బాపు.

“యాడికి పోలే బాపు. ఈడనే ఉన్న.”

“ఈడనే ఉంటే ఏనుగుకు రెండు ఈపులెట్ల వచ్చినయ్? పరాకు. మొత్తం పరాకే నీకు.”

ఎదురింటాయన తొంగి చూసి నన్ను ‘రెండీపులోడు’ అన్నాడు. వారం తిరగకుండా వాడకట్టంతా ఆ పేరే. ఆయనకు ఆ మాట అన్న సంగతి కూడా గుర్తు లేదు. నాకు ఆయన ఏ గడపలో నిలబడి అన్నాడో గుర్తుంది.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. అరవైల మొదటి రోజులు. బొటనవేలు తెగితే కట్టు కట్టించుకోవడానికి ఆలేరు దవాఖానకు పోయాను. కంపౌండరు కట్టు కడుతూ ఉంటేనే నాకు ఆ తెల్ల ఎండ వచ్చి పోయింది. ఆయన చెయ్యి ఆపి నా కళ్ళలోకి చూశాడు. ఇది పరాకు కాదనీ, కింద పడకుండా వచ్చే ఒక తీరు మూర్ఛ అయి ఉండవచ్చనీ, పట్నం నుంచి ఒక డాక్టరు నల్లగొండకు మిషిను తెస్తున్నాడనీ, అది తలలో నడిచేదాన్ని కాగితం మీద గీతలుగా గీస్తుందనీ చెప్పాడు. నేను ఇంటికి పరుగెత్తినట్టే వచ్చి చెప్పాను. బాపు నాడె ఆపకుండానే విన్నాడు.

“వీని తలకాయల ఏమున్నదని రాస్తదది?” అన్నాడు.

వాడకట్టు నవ్వింది. తర్వాత బాపు నిజంగానే ఆలోచించి తీర్పు చెప్పాడు. బీమారి అని కాగితం మీద తేలితే మందు తాగి మళ్ళీ గుంతలో కూర్చోవచ్చు. ఏమీ లేదని తేలితే మాత్రం ఇక నాకు మగ్గం లేదు, నాడెలో పెట్టే కండెలకు దారం చుట్టుకుంటూ కూర్చోవాలి. కండెలు చుట్టడం మా దగ్గర ముసలివాళ్ళూ చిన్నపిల్లలూ చేసే పని. మా చిన్నాయన కొడుకు అప్పటికే నా గుంతలో కాళ్ళు పెట్టి కొలత చూసుకుంటున్నాడు. కాబట్టి ఆ మిషిను రాసే గీత మీద నా బతుకు మొత్తం ఉందని నాకు ఆ రోజే తెలుసు.

నల్లగొండకు పోయే పొద్దున బాపు తల్లి, మా అవ్వ, నన్ను పీట మీద కూర్చోబెట్టి, వెచ్చచేసిన ఆముదం తలకు పట్టించింది. పెద్ద దవాఖానకు పోయేవాడు ఎండు తలతో పోతే ఆ ఇంట్లో ఆడవాళ్ళు లేరా అంటారు. పైగా కరెంటు మిషిను.

“గది తలకాయకు ఏడి చేస్తదట కొడుకా, జర సల్వ ఉండాలె” అని ఇంకో గుప్పెడు పోసింది.

బస్సులో ఆముదం చెవుల వెనకనుంచి కారి కాలరులోకి దిగింది. భువనగిరి గుట్ట వెనక్కి పోయింది. నార్కట్‌పల్లి దగ్గర నేనూ బాపూ బస్సు మారాము. అక్కడ లారీల నడుమ నిలబడి చాయ తాగుతూ ఉంటే దూరంగా రాళ్ళ గుట్టలు పొగమంచులో వేలాడుతున్నట్టు కనిపించాయి. నా తలలో ఉన్నదంతా ఈ సాయంత్రానికి కాగితం మీదికి వచ్చేస్తుంది కదా అని ఆ గుట్టలను చూస్తూ అనుకున్నాను. సిగ్గుగానూ ఉంది, ఆశగానూ ఉంది.

నల్లగొండలో ఆ రోజు డాక్టరు స్వయంగా ఉన్నాడు. ఇది గుర్తుంచుకోవాలి. మిషినును నడిపేది ఇంకొకాయన, కోస్తా వైపు మనిషి. అందరూ ఆయన్ను మిషిను సారు అనేవాళ్ళు. తల మీద వెంట్రుకలు పాయలు తీసి, జిగురు ముద్దతో చిన్న చిన్న వెండి బిళ్ళలు అంటించాలి. నా తలకు ఒక్కటీ అంటలేదు. అంటించినవి అంటించినట్టే జారి మెడ మీద పడ్డాయి.

“ఇదేం తలయ్యా, గానుగలోంచి నేరుగా వచ్చావా?” అన్నాడు మిషిను సారు. అంతటితో ఆగలేదు. నన్ను గుమ్మం దగ్గరకు తీసుకుపోయి, వరుసలో ఉన్న యాభై మందికి నా తల వంచి చూపించి, ఇట్లాంటి తలతో ఎవరూ రావద్దని చెప్పాడు. బాపు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, వచ్చే నెల మహబూబ్‌నగర్‌లో పెడతాం, తల కడుక్కొని రమ్మనండి అన్నాడు. ఆయన నన్ను చూసింది ఆ ఒక్కసారే. అవ్వ ఆముదం పోయకపోయి ఉంటే ఆ రోజు నా గీతలు గీసేటప్పుడు డాక్టరు పక్కనే ఉండేవాడు. ఈ గొడవే లేకపోయేది. అవ్వను నేను ఒక్క మాట అనలేదు. కానీ మర్చిపోనూ లేదు.

మా అక్కను కోస్గిలో ఇచ్చారు. వారం ముందే అక్కడికి పోయాను. అక్క నా తలను మూడు రోజులు కుంకుడు రసంతో కడిగింది. మూడో రోజు వెంట్రుకలు గాలికి లేచి నిలబడితే చూసి నవ్వింది. వానలు ఆలస్యమైన ఏడు అది. దున్నిపెట్టిన ఎర్రచెలకలు మబ్బు కోసం చూస్తున్నాయి. పగలంతా గాలి. అక్క ఇంటి ముందర కూర్చొని ఆ గాలిలో దుమ్ము లేచి పడడం చూస్తూ ఉంటే, నాకు తెలియకుండానే ఒకటి రెండుసార్లు తెల్ల ఎండ వచ్చి పోయింది. అక్క అది చూసింది. ఇంట్లో అందరిలోకీ నా మొహం పరాకుగా ఉండడానికీ నేను లేకపోవడానికీ తేడా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకొని తిప్పింది ఆమే కదా.

మహబూబ్‌నగర్ దవాఖాన వెనక వైపు గది. కిటికీకి తడి గోనెపట్టా కట్టారు. లోపల మసక చీకటి, తడి గోనె వాసన. డాక్టరు లేడు. మిషిను సారు ఒక్కడే ఉన్నాడు. ఈసారి బిళ్ళలు అంటుకున్నాయి. అంటించేటప్పుడు ఆయన కొంచెం గర్వంగా చెప్పాడు, ఇదివరకు ఇది కావాలంటే మనిషి పట్నం పోవాల్సి వచ్చేదనీ, ఇప్పుడు పెట్టెను జీపులో వేసుకొని కరెంటు ఉన్న ఏ ఊళ్ళోనైనా గీయవచ్చనీ. గీయడం ఇక్కడ, చదవడం అక్కడ. కాగితాల కట్ట పట్నం పోతుంది. డాక్టరుకు తీరిక దొరికినప్పుడు చదువుతాడు. ఇవాళే చదవాలని లేదు, కాగితం ఎక్కడికీ పోదు అన్నాడు. నాకు ఆ మాట అప్పుడు బాగానే అనిపించింది. మా చిటికి పని కూడా అంతే కదా, ముడి వేసిన రోజు పువ్వు కనిపించదు. కానీ మా ఇంట్లో ముడి వేసినవాడూ నేసేవాడూ ఒకే కప్పు కింద ఉంటారు. ఏదైనా తేడా వస్తే పిలిచి అడుగుతారు. ఇక్కడ నన్ను చూసినవాడు చదవడు, చదివేవాడు నన్ను చూడడు. అది నాకు ఆలస్యంగా తట్టింది.

మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. మిషిను నడవడం మొదలైంది. ఎనిమిది కలాలు ఒక్కసారిగా కాగితం మీద కదులుతుంటే ఎండుటాకుల మీద తొండ నడిచినట్టు చప్పుడు. దగ్గు వచ్చి దగ్గాను. ఆయన కాగితం మీద పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. కళ్ళు మూయమన్నాడు, తెరవమన్నాడు, మళ్ళీ మూయమన్నాడు. తర్వాత, ఆపమనేదాకా పెద్దగా ఊపిరి తీసి వదలమన్నాడు.

తీశాను, వదిలాను. కాసేపటికి వేళ్ళ కొసలు జుమ్మన్నాయి. పెదవులు నావి కానట్టు అయ్యాయి. మంచం నేలను విడిచిపెట్టి పైకి లేస్తున్నట్టు, దూలాలు నా మీదికి వంగి నన్ను చూస్తున్నట్టు ఉంది. మూసిన రెప్పల వెనక ఎర్రగా ఉన్నది పసుపు అయింది, పసుపు తెలుపు అయింది. అమ్మ చెయ్యి కనిపించింది. ముందుకు వచ్చింది, వెనక్కి పోయింది. దాని వెంట సన్నటి దారం. దారం కొస నా నుదుట్లోంచి వస్తున్నట్టూ, అమ్మ దాన్ని నొప్పి లేకుండా లాగి మేకుల చుట్టూ తిప్పుతున్నట్టూ ఉంది. తొండ చప్పుడు ఆగిపోయింది. నేను ఆ తెల్ల ఎండలో ఉన్నాను. అంతకంటే మంచి చోటు నాకు ఏ ఊళ్ళోనూ దొరకలేదు. ఇదే నా జబ్బు అని అంటే, అందులో ఒక్క నిమిషం కూడా నేను బాధపడలేదు. బాధంతా తిరిగి వచ్చాకనే.

తిరిగి వచ్చేసరికి తొండ మళ్ళీ నడుస్తోంది. మిషిను సారు వంగి మరలు తిప్పుతున్నాడు. ఒక కలం సిరా చిమ్మి కాగితం మీద మరక పడింది. ఆయన విసుగ్గా పెన్సిలు తీసి రాశాడు.

“ఏం రాసిన్రు సారు?” అని అడిగాను.

“కదిలావని రాశాను. ఎనిమిదీ ఒక్కసారే ఎగిరి కొట్టుకున్నాయి. కదలొద్దని చెప్పానా లేదా?”

“నేను కదలలే.”

నా వెంట వచ్చి గడప మీద కూర్చున్న అక్క లేచి నిలబడింది. “వాడు కదలలే సారూ. నేను చూస్తనే ఉన్న. ఊపిరి తీసుడు ఆపిండు. రెప్పలు జర కొట్టుకున్నయ్, గంతే. ఏలు గూడ కదలలే.”

“రెప్పలు కొట్టుకుంటే కదిలినట్టు కాదా అమ్మా? నువ్వు బయట కూర్చో.”

అక్క బయట కూర్చుంది. ఆయన ఆ రాత కొట్టేయలేదు. నేను మళ్ళీ అడిగాను, కొట్టేయమని కాదు, పక్కన ‘అక్క కదలలేదంటోంది’ అని రాయమని. ఆయన నవ్వి బిళ్ళలు పీకడం మొదలుపెట్టాడు. జిగురుతో పాటు వెంట్రుకలు కూడా వచ్చాయి.

రెండు నెలలకు ఆలేరు దవాఖానకు చీటీ వచ్చింది. ఇంగ్లీషులో రెండు వరుసలు. కంపౌండరు చదివి చెప్పాడు. గీతల్లో దోషం లేదు. ఒకచోట రోగి కదలడం వల్ల గీతలు చెదిరాయి. అంతే. కంపౌండరు తల గోక్కున్నాడు గానీ, డాక్టరు రాసినదాని మీద తాను చెప్పేదేమీ లేదన్నాడు.

చీటీ నేనే ఇంటికి తెచ్చాను. దాచవచ్చు. దాచలేదు. బాపు విన్నాడు. నాడె పక్కన పెట్టి, గుంతలోంచి లేచి, చిన్నాయన కొడుకును పిలిచి నా మగ్గం మీద కూర్చోబెట్టాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అక్క కోస్గి నుంచి వచ్చినప్పుడల్లా తను చూసింది చెప్పేది. వాడు కదలలేదు బాపు అనేది. కాగితం మీద రాసి ఉంది కదా బిడ్డా అని బాపు అనేవాడు. నేను అబద్ధం ఆడతానా అని అక్క కండ్లనీళ్ళు పెట్టుకునేది. నువ్వు ఆడవు, కాగితమూ ఆడదు అనేవాడు బాపు.

అట్లా ఐదారేళ్ళు కండెలు చుట్టాను. రాట్నం ముందర కూర్చుంటే తెల్ల ఎండ వచ్చినా ఎవరికీ నష్టం లేదు, దారం నాకోసం ఆగి ఉండేది. మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. పట్నంలో ఎక్కడో ఒక అరలో నా తలలోంచి వచ్చిన గీతలు మడతలు పడి పడుకొని ఉన్నాయి కదా అని అనుకునేవాణ్ణి. అమ్మ చెయ్యి, ఆ దారం, ఆ తెలుపు, అన్నీ ఆ సిరాలో ఉండి ఉంటాయి. చదవడం వచ్చినవాడు ఒక్కడు తెరిస్తే చాలు. ఇటు చిన్నాయన కొడుకు నా గుంతలో కూర్చొని నేస్తూ ఉంటే, వాడు తప్పు చేసిన ప్రతిసారీ నాకు వినిపించేది. నాడె చప్పుడులోనే తెలిసేది.

మలుపు ఎట్లా వచ్చిందంటే, బాపు లెక్క వల్ల వచ్చింది. చెడిపోయిన బట్ట బాపు పారేయడు. ఒక మధ్యాహ్నం సందుకలోంచి నేను చెడగొట్టిన పాత రుమాళ్ళు తీశాడు. వాటి పక్కన చిన్నాయన కొడుకు చెడగొట్టినవి పరిచాడు. గోరు పెట్టి చాలాసేపు పేకలు లెక్కపెట్టాడు. చిన్నాయన కొడుకు తప్పులు ఒకచోట రెండు పేకలు, ఇంకోచోట తొమ్మిది, ఎటు పడితే అటు జరిగి ఉన్నాయి. నావి అన్నీ నాలుగో ఐదో. ఏ రుమాలు తీసినా అంతే. ఆ తర్వాతి పేక మళ్ళీ కొలిచినట్టు సరిగ్గా ఉంది.

“పరాకైతే ఇంత లెక్కగ ఉండదు” అన్నాడు తనలో తాను. తర్వాత నా వైపు చూడకుండా, “పట్నం రైలు ఎప్పుడు?” అన్నాడు.

పట్నం దవాఖానలో కాగితాల గది మేడ వెనక ఉంది. గోడ పొడుగునా అరలు, అరల నిండా మడతలు పెట్టిన కట్టలు. ఒక్కో కట్ట ఒక్కో మనిషి తల. ఎవరెవరివో అరగంటలు అక్కడ నిద్రపోతున్నట్టు ఉంది. పైన అద్దం పలకలోంచి దిగిన వెలుతురులో దుమ్ము తిరుగుతోంది. ఆ గది చూసే ముసలాయన మర్యాదస్తుడు. మమ్మల్ని బయటికి పొమ్మని అననివాడు ఆ దవాఖాన మొత్తంలో ఆయన ఒక్కడే, అందుకు ఆయన మేలు కూడా నేను మర్చిపోలేదు. చీటీ మీద అంకె చూసి, నిచ్చెన ఎక్కి, మూడో అరలోంచి నా కట్ట దించాడు. బల్ల మీద మడత మడతకూ విప్పాడు.

నా తలను నేను మొదటిసారి చూశాను. ఎనిమిది గీతలు, పక్కపక్కనే, సన్నగా, అలలు అలలుగా పోతున్నాయి. పడుగు లాగే ఉంది. బాపు ముందు ‘దగ్గు’ అని రాసిన చోట ఆగమన్నాడు. అక్కడ గీతలు చిక్కుపడి, ఒకటి పైకి ఒకటి పక్కకు, కుక్క లాగిన నూలు చిలుపలా ఉన్నాయి. తర్వాత ‘కదిలాడు’ అని రాసిన చోటికి రమ్మన్నాడు.

ఎనిమిది గీతలూ ఒకే చోట లేచాయి. సిరా మరక ఒక మూల ఉంది. కానీ లేచినవి చిక్కుపడలేదు. ఒక మొన, దాని పక్కన ఒక గుండ్రటి అల. మళ్ళీ ఒక మొన, ఒక అల. కాగితం మీద అచ్చు వేసిన నిలువు గీతకూ గీతకూ నడుమ మూడేసి. ఎనిమిది వరుసల్లోనూ అంతే. మొదటినుంచి చివరిదాకా అంతే. చివర కత్తిరించినట్టు ఆగి, మళ్ళీ మామూలు అలలు. బాపు గోరు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెడుతూ బల్ల పొడుగునా నడిచాడు. నేను ఊపిరి బిగబట్టి ఆయన గోరు చూస్తూ ఉన్నాను. అట్లా నా తలను ఎవరూ అంత జాగ్రత్తగా చూడలేదు, అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ.

లెక్క అయిపోయాక నిటారుగా నిలబడ్డాడు.

“దగ్గిన కాడ చూడుండ్రి సారూ, ఎట్లవడితె గట్ల చెదిరింది. మనిషి కదిలితె గట్లనే ఉంటది. ఇది చెదిరింది గాదు. ఇది ఏసిన వరుస. కదిలెటోడు గింత లెక్కగ ఎట్ల కదులుతడు?”

ముసలాయన కళ్ళజోడు పెట్టుకొని వంగి చూశాడు.

“నీ లెక్క మంచిగనే ఉన్నది పెద్దాయనా. గనీ దాని మీద రాసె కలం నాది గాదు.”

“ఆ కలం ఎవరిదో ఆయనకే చెప్పుండ్రి. మేం దారం పని చేసెటోళ్ళం. చెదిరినదానికీ ఏసినదానికీ ఫరక్ మాకు తెల్వకుంటె ఎవరికి తెలుస్తది?”

డాక్టరు ఆ రోజు లేడు. దరఖాస్తు రాసి ఇచ్చి పొమ్మన్నారు. ముసలాయన ఇచ్చిన కాగితం మీద నేనే రాశాను, బాపు కింద సంతకం పెట్టాడు. కట్ట మళ్ళీ మడతలు పడి మూడో అరలోకి పోయింది.

రైలులో బాపు కిటికీ పక్కన కూర్చొని బయటికి చూస్తూ వచ్చాడు. పొలాలు, తాటిచెట్లు, గుట్టలు వెనక్కి జరుగుతున్నాయి. ఇన్నేళ్ళూ నిన్ను తప్పు పట్టిన అని ఒక్క మాట అంటాడేమో అని ఆలేరు దాకా ఎదురుచూశాను. అనలేదు. అది నేను మర్చిపోలేదు. కానీ మర్నాడు పొద్దున చిన్నాయన కొడుకును వేరే మగ్గానికి పంపి, నా గుంత మీది దుమ్ము తన కండువాతో తుడిచాడు. నేను దిగి కూర్చుంటే, పక్కనే పీట వేసుకొని కూర్చున్నాడు. తెల్ల ఎండ వచ్చినప్పుడు నాడె మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. నేను తిరిగి వచ్చేసరికి ఆ చెయ్యి నాడె మీద ఉండేది. నాలుగు పేకలు చెడిపోకుండా మిగిలిపోయేవి. ఏడాది తిరిగేసరికి అది రావడం పలచబడింది. ఇప్పుడు వచ్చి చాలా కాలమైంది. ఒక్కోసారి ఎండ పడుగు మీద పడినప్పుడు దాని కోసం ఎదురుచూస్తాను కూడా. రాదు.

దరఖాస్తుకు జవాబు లేదు. అప్పుడు ఉత్తరాలు మొదలుపెట్టాను. నాలుగో ఉత్తరానికి వచ్చింది ఇది: రోగిని మళ్ళీ పంపితే కొత్తగా గీసి చూస్తాము. నేను పోలేదు. ఇప్పుడు నాకు అది రావడం లేదు, కొత్త కాగితంలో ఏమీ దొరకదు. దాన్ని చూపించి పాతదాన్ని కూడా మూసేస్తారు. నేను అడిగింది కొత్త కాగితం కాదు. గీసింది ఎప్పుడైనా చదవవచ్చు, కాగితం ఎక్కడికీ పోదు అని చెప్పింది వాళ్ళే. ఆ మాట మీద నిలబడమంటున్నాను. ఇదే ఐదో ఉత్తరంలో రాశాను.

టపా మనిషి వచ్చిన ప్రతిసారీ బాపు గుంత దగ్గరనుంచే, “కాయితమొచ్చిందా?” అని అడుగుతాడు. రాలేదంటే, తన లెక్కలో ఏమన్నా తప్పు పోయిందా అని వేళ్ళు ముడుస్తూ మళ్ళీ చెప్పుకుంటాడు. ఒక మొన, ఒక అల, నడుమ మూడు. మగ్గం మీద నా చోటు నాకు దొరికింది. కానీ బాపు చదివింది సరైన చదువేనని చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. అక్క చూసింది నిజమని ఎవరూ రాసి ఇవ్వలేదు. మీ చీటీ మాత్రం ఇప్పటికీ మా సందుకలో ఉంది, మా ముగ్గురినీ అబద్ధాలవాళ్ళను చేస్తూ.

డాక్టరుగారూ, మీరు నన్ను నల్లగొండలో ఒకసారి చూశారు. మీకు గుర్తు లేకపోయినా ఫరవాలేదు, కట్టకు అంకె ఉంది, ముసలాయనకు అర తెలుసు. దించమనండి. ఊపిరి తీయించిన చోటికి రండి. పెన్సిలు రాతను వేలితో మూసి, దాని కింద ఉన్న గీతలు మాత్రం చూడండి. మా బాపు లెక్కపెట్టినట్టు మొదటినుంచి చివరిదాకా లెక్కపెట్టండి. ఆయన లెక్క తప్పైతే తప్పని రాయండి, ఒప్పైతే ఒప్పని రాయండి. వేరెవరి చేతనో కాదు, మీ చేత్తోనే రాసి, ఈసారి బాపు పేరు మీద పంపండి. ఆయనకు చూపు తగ్గుతోంది. అక్షరాలు పెద్దవిగా రాయండి, ఆలస్యం చేయకండి.